మాల్‌లో నన్ను ఫార్వర్డ్ అన్నారు

శుక్రవారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల దగ్గర పాస్టరమ్మగారు మా అమ్మ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళారు. ఆవిడ అలా తీసుకెళ్ళారంటే ఎవరికో ఒంట్లో బాగుండి ఉండదు, లేదా ఎవరి పిల్లలకో బుద్ధి బాగుండి ఉండదు. మా ఇంట్లో అందరికీ ఒంట్లో బాగానే ఉంది.

"సిస్టరుగారూ, మీ అమ్మాయి ఫోటో మాల్‌లో పెట్టారండి. లిఫ్టు పక్కనే."

"అవునా? ఎందుకండీ?" అంది అమ్మ.

"అదేదో మంచు మీద ఆట అంట కదా. ఫోటో బాగానే ఉందండి. కింద రాసిందే బాలేదు." పాస్టరమ్మగారు గొంతు తగ్గించారు. "ఫార్వర్డ్ అని రాశారు. ఇంతింత అక్షరాలతో."

మా గోదావరి వైపు ఆడపిల్లని ఫార్వర్డ్ అన్నారంటే మెచ్చుకున్నట్టు కాదు. చున్నీ వేసుకోదు, మగపిల్లలతో ఇకఇకలు పకపకలు, పెద్దవాళ్ళకి ఎదురు సమాధానం. ఇన్ని ఫిర్యాదులు విడివిడిగా చెప్పడం మర్యాద కాదు కాబట్టి అన్నీ కలిపి ఒక ఇంగ్లీషు మాటలో చుట్టి అందిస్తారు. మా అమ్మ ఆ మాటని వేరేవాళ్ళ పిల్లల గురించి చాలాసార్లు విన్నది. నా గురించి వినడం అదే మొదటిసారి.

నేనా ఫార్వర్డ్? కొట్లో చక్కెర అడిగితే ఉప్పు ఇచ్చినా మార్చమనలేక ఇంటికి తెచ్చుకునేదాన్ని. టాక్సీ మా వీధి దాటిపోతుంటే ఆపమనడానికి మాటలు కూడబలుక్కునేలోపు రెండు వీధులు దాటిపోయేవి. అక్కడ దిగి నడుచుకుంటూ వచ్చేదాన్ని.

అసలు ఈ ఆటలోకి కూడా నేను వెళ్ళలేదు. ఎండ తోసింది. నేను మస్కట్‌లో ఒక క్లినిక్‌లో ఇన్సూరెన్స్ కాగితాలు చూస్తాను. మాది స్ప్లిట్ డ్యూటీ. పొద్దున్న కొంతసేపు, సాయంత్రం కొంతసేపు, మధ్యలో ఆ మండే మధ్యాహ్నమంతా ఖాళీ. ఇంటికి వెళ్ళి రావాలంటే టాక్సీ ఖర్చు. స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటే అందరూ మాట్లాడతారు. అందుకని పక్కనున్న మాల్‌కి వెళ్ళి, కింది అంతస్తులో మంచు గడ్డకట్టించిన ఐస్ రింక్ పక్క కుర్చీల్లో స్వెట్టరు వేసుకుని పుస్తకం చదువుకునేదాన్ని. ఊళ్ళో అంత చల్లగా, అంత ఖాళీగా ఉండే చోటు ఇంకొకటి లేదు.

అక్కడి ఐస్ హాకీ కోచ్ గారు ఒకరోజు నా ముందు ఒక జత స్కేట్స్ పెట్టారు. ఆయనది ఎక్కడో ఏడాదిలో సగం మంచు కురిసే ఊరు. ఆ ఆటలో ప్రొఫెషనల్ ఫార్వర్డ్‌గా ఇరవై ఏళ్ళు బతికారు. భార్య ఇక్కడ స్కూల్లో టీచర్ కాబట్టి, ఆవిడ వెనకాల ఎడారికి వచ్చారు.

"రోజూ వస్తావు, కూర్చుంటావు, వెళ్తావు. ఐస్ మీద కూర్చోకూడదని రూలేం లేదు," అన్నారు.

వద్దండీ అనడం కష్టం. స్కేట్స్ వేసుకోవడమే సులువనిపించింది. మొదటి నెలంతా నిజంగానే ఐస్ మీద కూర్చునే ఉన్నాను. రెండో వేసవికి ఆడవాళ్ళ టీమ్‌లో ఉన్నాను. అమ్మకి స్కేటింగ్ అని చెప్పాను, ఒంటికి మంచిదేగా అంది. కర్ర సంగతి చెప్పలేదు.

ఆ శుక్రవారం చర్చి నుంచి అమ్మ నన్ను టాక్సీలో నేరుగా ఇంటికి తీసుకొచ్చింది. ఇంట్లోకి వచ్చి చెప్పులు విడవకుండానే మొదలుపెట్టింది.

"ఏంటే అది? ఫార్వర్డ్ ఏంటి?"

"ముందు ఆడేవాళ్ళని అలా అంటారమ్మా."

"మరి వెనక ఆడేవాళ్ళు ఉండరా?"

"ఉంటారు. డిఫెన్స్ అంటారు."

"చక్కగా డిఫెన్స్ అని రాయించుకోవచ్చుగా! మిలట్రీ అనుకుంటారు, గౌరవంగా ఉంటుంది."

నాన్న దూరంగా రైసూత్ పోర్టులో పని చేస్తారు, నెలకోసారి వస్తారు. ఫోన్‌లో సంగతంతా విని, "ముందా వెనకా అన్నది మీ అమ్మ చూసుకుంటుందిలే, దెబ్బలు తగిలించుకోకు," అని పెట్టేశారు. మా ఇంట్లో పెద్ద బెంచి తీర్పులన్నీ ఇలాగే ఉంటాయి.

ఆ పోస్టర్ వేసిన మ్యాచ్ అప్పటికి రెండు వారాల్లో ఉంది. బురైమి అవతల, సరిహద్దు దాటి వస్తున్న టీమ్‌తో. నాకు ముందు ఆడాలని ఉంది. ఫలానాది కావాలి అని నాకు గట్టిగా అనిపించింది అదే మొదలు. డైరీలో ఒక పేజీ నిండా రాసుకున్నాను కూడా. అమ్మతో మాత్రం ఒక్క ముక్క అనలేకపోయాను.

"ఆ సార్ని ఒకసారి భోజనానికి పిలువు, నేను మాట్లాడతాను," అంది అమ్మ.

ఖబూరా తీరం నుంచి వచ్చిన తాజా వంజరం చేప తెచ్చి పులుసు పెట్టింది. కోచ్ గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఖర్జూరం డబ్బా పట్టుకుని వచ్చారు. మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి, నేను తెలుగులో రాస్తున్నాను.

కూర్చోగానే ఆయన, "ఏమీ అనుకోకండి, ముల్లు ఇరుక్కుంటుంది," అని నోట్లోంచి ముందు పళ్ళు నాలుగు ఊడదీసి సాసర్‌లో పెట్టారు. నేను గోడ వైపు చూశాను. అమ్మ మాత్రం కదల్లేదు. ఆవిడ ఆర్థో వార్డులో నర్సు. పళ్ళని చూసి, ఆయన చేతిని చూసి, గరిటె పక్కన పెట్టింది.

"ఈ వేలు ఎప్పుడు విరిగింది?"

"పద్దెనిమిదో ఏట. మొదటి కాంట్రాక్టు."

"సరిగ్గా అతకలేదు."

"అతికేదాకా ఆగలేదండి. ఆగితే నా చోటు ఇంకొకడికి పోతుంది."

"కనుబొమ్మ మీద కుట్లు ఎవరు వేశారు? ఇంత ఘోరంగానా?"

"ఆట మధ్యలో, బట్టలు మార్చుకునే గదిలో వేశారు. వేయించుకుని మళ్ళీ వెళ్ళి ఆడాను."

"మిమ్మల్ని డిశ్చార్జి చేసిందెవరు?" అని అమ్మ గట్టిగా అడిగింది. ఆ మనిషి అక్కడుంటే ఆ రాత్రే సస్పెండ్ అయ్యేవాడు.

ఇలా వేలి నుంచి మోచేతికి, మోచేతి నుంచి మోకాలికి వచ్చేసరికి ఆయన ఉద్యోగ జీవితమంతా బయటపడింది. చిన్న చిన్న ఊళ్ళ టీములు. రాత్రంతా బస్సు ప్రయాణం, తెల్లారి ఆట, మళ్ళీ బస్సు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి, జీతం ఎవరిస్తే వాళ్ళ చొక్కా. భుజం జారినప్పుడు ఒక టీమ్ వదిలేసింది, మోకాలు పోయినప్పుడు ఇంకోటి. పెద్ద లీగ్ నుంచి ఒక్కసారే పిలుపు వచ్చింది, ఎవరికో జ్వరం వస్తే. అక్కడ ఆడిన కొద్ది రోజుల్లో ఒకే ఒక్క గోల్ కొట్టారు.

"ఏ చేత్తో కొట్టారండి?" అంది అమ్మ. అప్పటికే ఆవిడకి ఆయన మీద జాలి పుట్టేసింది.

"చేత్తో కాదండి." ఆయన కాస్త సిగ్గుపడ్డారు. "నేను గోల్ ముందు నిలబడ్డాను, వెనక నుంచి మావాడు కొట్టాడు. అది నాకు తగిలి లోపలికి పోయింది."

"ఎక్కడ తగిలింది?"

ఆయన కూర్చున్న కుర్చీ వైపు మర్యాదగా చూపించారు. అమ్మ దగ్గు తెచ్చుకుని, ఇంకో చేప ముక్క వేసింది.

అప్పుడాయన అసలు విషయానికి వచ్చారు. పచ్చడి గిన్నె, పెరుగు గిన్నె, ఉప్పు సీసా వరసగా జరిపి, "వీళ్ళు ముగ్గురూ ఫార్వర్డ్‌లు. గోల్ కొట్టడం వీళ్ళ పని," అన్నారు. రెండు గ్లాసులు వెనక పెట్టి, "వీళ్ళు డిఫెన్స్. వచ్చేవాళ్ళకి అడ్డంగా నిలబడాలి. ఎవరికీ అడ్డంగా నిలబడటం మీ అమ్మాయి వల్ల కాదు. కానీ మంచు మీద ఎవరూ లేని చోటు ఎక్కడుందో ఈ అమ్మాయికి వెంటనే తెలిసిపోతుంది, సరిగ్గా అక్కడికి పోతుంది. ఫార్వర్డ్‌కి కావలసింది అదే. నాకు అది నేర్చుకోవడానికి పదేళ్ళు పట్టింది."

"అదేముందండీ," అంది అమ్మ. "చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళికి తీసుకెళ్తే జనరేటర్ వెనకాల దొరుకుతుంది."

"అదే! ఆ జనరేటర్ వెనకాలే గోల్ ఉంటుంది!" అన్నారాయన, పళ్ళు లేని నోటితో నవ్వుతూ.

అమ్మ కూడా నవ్వింది. మెత్తబడిందనుకున్నాను. కానీ చేతులు కడుక్కోవడానికి నీళ్ళు అందిస్తూ తేల్చేసింది.

"మీరు చాలా మంచివారు. మీ ఒళ్ళు చూశాక అసలు ఆడనివ్వకూడదు, అయినా ఆడనిస్తాను. కానీ ఫార్వర్డ్ మాత్రం వద్దు. మా వాళ్ళలో ఆ మాట బాగుండదు. బ్యాక్‌వర్డ్‌గా పెట్టుకోండి."

"ఆటలో బ్యాక్‌వర్డ్ అని ఉండదండి. పైగా తను వెనక ఆడితే ఓడిపోతాం."

"గెలుపూ ఓటమీ దేవుడి చేతిలో ఉన్నాయి," అంది అమ్మ. ఆయన సాసర్‌లోని పళ్ళు తీసి పెట్టుకున్నారు.

పోస్టర్ మీద నా ఫోటో కింద డిఫెన్స్ అని కాగితం అంటించారు. పాస్టరమ్మగారు వెళ్ళి చూసి, "ఇప్పుడు కుదురుగా ఉందండి," అన్నారట.

మ్యాచ్ రోజు అమ్మ డ్యూటీ మార్చుకుని వచ్చింది. చేతిలో ఫస్ట్ ఎయిడ్ బ్యాగు. ఆ చలిలో మిగతావాళ్ళు దుప్పట్లు కప్పుకుంటే ఆవిడ చీర మీద వార్డు కోటు వేసుకుని, రింక్ చుట్టూ ఉన్న అద్దాల గోడ పక్కనే కూర్చుంది.

కోచ్ గారు చెప్పినట్టే జరిగింది. నల్లటి రబ్బరు బిళ్ళని, దాన్ని పక్ అంటారు, కర్రతో తోసుకుంటూ ఎదుటి అమ్మాయి నా మీదికి వచ్చింది. నేను అడ్డుపడాలి. ఎవరైనా ఎదురొస్తే పక్కకి జరిగి దారివ్వడం నాకు అలవాటు. జరిగాను. గోల్. కాసేపటికి ఇంకొకామె వచ్చింది. ఈసారి జరగకూడదని గట్టిగా అనుకున్నాను. అనుకుంటుండగానే "సారీ" అని జరిగాను. రెండో గోల్. మా గోల్‌కీపర్ మాస్క్ ఎత్తి నన్ను చూసింది. ఆ చూపుకి కూడా సారీ చెప్పాను.

అంతలో మా ఫార్వర్డ్‌లలో అందరికన్నా చురుకైన అమ్మాయి, ఇక్కడి స్కూల్లో పీటీ టీచర్, గోడకి గుద్దుకుని పడిపోయింది. బెంచి మీద కూర్చోబెట్టారు. ఎవరూ పిలవకుండానే అమ్మ వచ్చేసింది. మోకాలు రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ మెల్లగా కదిపింది.

"నొప్పి లేదు సిస్టర్, ఆడతాను," అంది ఆ అమ్మాయి.

"ఆడగలదా?" అని కోచ్ గారు అడిగారు.

అప్పుడు బెంచి మీద ఉన్నవాళ్ళందరికీ లెక్క తెలుసు. మిగిలింది ఒక్క కొత్తమ్మాయి. తను వెనకైతే నిలబడగలదు, ముందు పరిగెత్తలేదు. ఈ టీచర్ లేస్తే నేను వెనకే ఉంటాను. లేవకపోతే నేను ముందుకు పోవాలి. అమ్మకి కూడా తెలుసు. ఇంటి భోజనాల బల్ల మీద గిన్నెలతో సహా చూసింది కదా.

అమ్మ తల ఊపేస్తే సరిపోయేది. ఆ అమ్మాయి బతిమాలుతూనే ఉంది. అమ్మ మోకాలి పక్కన బొటనవేలితో ఇంకోసారి నొక్కింది. టీచర్ పెదవి కొరుక్కుంది.

"లేదు," అంది అమ్మ. "లిగమెంట్. ఈ రోజు నిలబడకూడదు."

"అయితే..." అన్నారు కోచ్ గారు.

"నాకు తెలుసులెండి." ఐస్ ప్యాక్ చుడుతూ, నా వైపు చూడకుండా అంది. "ముందుకి ఇదే పోతుంది. ఏమే, విన్నావా? హెల్మెట్ పట్టీ బిగించుకో. వేలాడుతోంది."

ముందు ఆడటం ఎంత హాయిగా ఉంటుందో నేను చెప్పలేను. అందరూ ఒక మూల గుంపుగా కొట్టుకుంటుంటే నేను జనం లేని వైపు పోయాను. అందుకు ఎవరూ కోప్పడలేదు. పైగా పక్ నా దగ్గరికే వచ్చింది. ఒకసారి కొడితే వాళ్ళ గోల్‌కీపర్ ఆపింది. ఇంకోసారి కొడితే గోల్ కమ్మీకి తగిలి ఠంగుమంది. మూడోసారి ఒకామె నా కర్ర కిందనుంచి పక్ లాక్కుపోయింది. అది నాది. ఉప్పు ఇచ్చినా ఊరుకున్నదాన్ని, ఇది మాత్రం ఊరుకోలేకపోయాను. వెంటపడి కర్ర జాపాను. అది ఆమె కాళ్ళ మధ్యకి వెళ్ళింది. ఆమె బోర్లా పడి జారుకుంటూ గోడ దాకా వెళ్ళింది.

రిఫరీ విజిల్ వేసి నన్ను చూపించాడు. రెండు నిమిషాలు పెనాల్టీ బాక్స్. అద్దాల పెట్టెలాంటి గది, అందరికీ ఎదురుగా, నేనొక్కదాన్నే. స్కూల్లో ఒక్క టీచర్ చేతా నిలబడమనిపించుకోలేదు నేను. అమ్మ అద్దం అవతలికి పరిగెత్తుకొచ్చింది.

"ఏం చేశావే?"

"కర్ర అడ్డం పెట్టానమ్మా."

"కావాలనా?"

"కావాలనే."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఆ పిల్లకి దెబ్బ తగిలిందా?"

"లేదు. లేచి ఆడుతోంది."

"సారీ చెప్పావా?"

"ఇందులో చెప్పరమ్మా."

"నువ్వు చెప్పకు. ఆటలో ఉన్నావుగా," అని ఫస్ట్ ఎయిడ్ బ్యాగు భుజాన తగిలించుకుని, రింక్ చుట్టూ తిరిగి, అవతలి టీమ్ బెంచి దగ్గరికి వెళ్ళింది. ఆ అమ్మాయి ఆట నుంచి వచ్చి అప్పుడే కూర్చుంటోంది. అమ్మ వార్డులో నేర్చుకున్న అరబ్బీతో, "మాలేష్, మాలేష్," అంటూ, ఏమీ అనుకోవద్దని ఆమె గడ్డం పట్టుకుని బతిమాలుతోంది. మధ్యలో నన్ను వేలితో చూపించి ఏదో చెబుతోంది. వాళ్ళ బెంచి అంతా నవ్వుతోంది. ఏం చెబుతోందో అంత దూరానికి వినపడలేదు. నన్ను తిడుతున్నట్టు మాత్రం అనిపించలేదు.

రెండు నిమిషాలు అయిపోయాయి. తలుపు తెరిచారు. అమ్మ ఇంకా క్షమాపణ చెబుతూనే ఉంది. అవతల మూల ఎవరూ లేరు. అటు పరిగెత్తాను.