ఎర్ర దుమ్మనుకున్నాం

పోర్టులో ఇనుప ఖనిజం ఓడలకెక్కించే చోట టైమ్‌కీపర్‌గా పనిచేసేవాణ్ణి. అక్కడ అన్నీ ఎరుపే. చొక్కా, చెవులు, టిఫిన్ డబ్బా మూత, ఇంటికొచ్చి స్నానం చేస్తే గచ్చు మీద పారే నీళ్లు, అన్నీ. అందుకే కిందటేడు వేసవిలో ఒక ఉదయం నా లోపలి బట్ట మీద ఎర్రటి మరక కనబడితే దుమ్మే అనుకున్నాను. మా ఇంట్లో ఆ రంగుకి ఎవరూ ఉలిక్కిపడరు.

ఉతికేది మా ఆవిడ పార్వతి. మరక మళ్లీ మళ్లీ కనబడేసరికి ఆ బట్ట పట్టుకునే పెరట్లోంచి వచ్చింది.

"దుమ్మయితే సొక్కాకి కదా అంటాల? లోపలి గుడ్డకి ఎలాగంటింది?"

"సెమటకి జారుంటాదిలే," అన్నాను.

"ఏటి, ఇన్నిసార్లా? పదండి డాక్టరు కాడికి."

కసురుకున్నాను. భయం వేస్తే నాకు కోపం వస్తుంది. భయం ఎందుకంటే, నా పొట్టలో కుడివైపు కింద ఉన్న కిడ్నీ నాది కాదు. మా అప్ప నరసమ్మది. మా వైపు అక్కని అప్ప అంటాం. పదేళ్ల కిందట, ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది, నా రెండు కిడ్నీలూ పనికిరాకుండా పోతే, మద్రాసులో తనది ఒకటి తీసి నాకు పెట్టారు.

అప్పది సబ్బవరం దగ్గర పల్లె. తనకి ఆడపిల్లలు లేరు. ఆ కిడ్నీనే అత్తారింటికి పంపిన కూతురనుకునేది. ఏటా ఆపరేషన్ జరిగిన తారీఖున చలిమిడి, అరటిపళ్లు, పసుపు కుంకుమ సారెగా పట్టుకుని బస్సు దిగేది. గడపలో నిలబడి, నా మొహం చూడకుండా పొట్ట వైపు చూసి అడిగేది.

"నా పిల్ల కాపురం బాగుందేట్రా?"

"పిల్లే గానీ తమ్ముడు కనబడడా అప్పా?" అని ఉడుక్కునేవాణ్ణి.

"పిల్ల బాగుంతే నువ్వూ బాగుంతావురా," అని నవ్వేది.

చివరికి డాక్టరు దగ్గరికి వెళ్తే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ పరీక్ష నార్మల్ వచ్చింది. అది చూసి డాక్టరు ఇన్ఫెక్షనేమో అని మాత్రలిచ్చారు. కొన్నాళ్లు తగ్గింది. తర్వాత మూత్రంలో రక్తం గడ్డలుగా పడింది. అల్ట్రాసౌండ్ తీస్తూ తీస్తూ, అంతసేపూ కబుర్లు చెప్పిన డాక్టరు నోరు మూసుకున్నారు. అప్పుడే నాకు తెలిసిపోయింది.

"ట్రాన్స్‌ప్లాంట్ కిడ్నీలోనే ట్యూమర్ ఉంది. కేన్సర్ లాగే ఉంది. తీసేయాలి," అన్నారు ఆస్పత్రి పెద్ద డాక్టరు.

"తీసేస్తే?"

"మళ్లీ డయాలిసిస్. ఇంకో మాట. ఇచ్చినావిడకి మిగిలింది ఒక్కటే కదా. ఆవిడకీ స్కాన్ తీయాలి, తీసుకురండి."

ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఇంటికెళ్తే అందరిదీ ఒకటే మాట, అప్పకి చెప్పొద్దని. గుండె ఆగిపోద్దట. తనకున్న ఒక్కదానికీ ఏమైనా ఉంటే ఎవడు చూస్తాడు? నాకు ఒళ్లు మండి, ఎవరితోనూ చెప్పకుండా బస్సెక్కాను.

అప్ప పెరట్లో మిరపకాయలు ఎండబెడుతోంది. ఉన్నదంతా చెప్పాను. చేతిలో కాయలు చేతిలోనే ఉండిపోయాయి.

"పుచ్చుదాన్ని కట్టబెట్టీసినానేట్రా నీకు?"

స్కాన్‌కి ఆస్పత్రికి తీసుకొస్తే, ఆ మాటే డాక్టర్నీ అడిగింది.

"ఇచ్చినప్పుడు బాగానే ఉందమ్మా. ఇన్నేళ్లు శుభ్రంగా పనిచేసింది. కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వేసే మందులున్నాయే, వాటివల్ల కేన్సర్‌ని ఆపే శక్తి తగ్గుతుంది. ఇదే కారణమని మాత్రం ఎవరూ చెప్పలేం," అన్నారాయన.

అప్ప స్కాన్ బాగుంది. నా ప్రాణం లేచొచ్చింది. తను మాత్రం సంతోషించలేదు. తన తప్పు కాదని ఎవరు చెప్పినా తల ఊపేది, నమ్మేది కాదు.

ఆపరేషన్ రోజు సర్జన్‌గారికి అడ్డం నిలబడిందట.

"అత్తోరింట్లో మనలేని పిల్లని పుట్టింటికి తెచ్చుకుంతాం కదా బాబూ. నాకిచ్చీండి."

బయాప్సీకి పంపాలమ్మా అని ఆయన మెల్లగా చెప్పారట. ఆ రోజంతా అప్ప మంచినీళ్లు కూడా ముట్టలేదని పార్వతి తర్వాత చెప్పింది.

కేన్సరేనని తేలింది. కిడ్నీ దాటి పాకలేదన్నారు. ఒళ్లు తిప్పికొట్టకుండా రోజూ వేసుకునే ఇమ్యురాన్ మాత్రలు ఆపేశారు. కుట్ల దగ్గర చీము పట్టి, జ్వరంతో చాలా రోజులు మంచం మీదే ఉన్నాను. పోర్టు ఉద్యోగం పోయింది. ఇప్పుడు వారానికి రెండుసార్లు డయాలిసిస్. దాహం వేసినా గుక్క లెక్కపెట్టుకుని తాగాలి. ఇంకో కిడ్నీ మాట ఇప్పుడే ఎత్తొద్దన్నారు. ఎత్తినా ఎవర్ని అడగను?

కిడ్నీ మార్పించుకున్నవాళ్లకి నేను చెప్పేది ఇదే. క్రియాటినిన్ బాగుందని ఊరుకోకండి, ఏటా ఒకసారి స్కాన్ తీయించుకోండి. వెళ్లేటప్పుడు ఇచ్చినవాళ్లనీ వెంటబెట్టుకుని వెళ్లండి.

మొన్న ఆ తారీఖున అప్ప వచ్చింది. చేతిలో సారె లేదు. గడపలో నిలబడి నా పొట్ట వైపు చూడబోయి ఆగిపోయింది. తలెత్తి నా మొహంలోకి చూసింది.

"నువ్వెలాగున్నావురా తమ్ముడూ?"

ఆ మాట అడగలేదనే కదా ఇన్నేళ్లూ ఉడుక్కున్నాను. తీరా అడిగాక, పిల్ల గురించే అడిగుంటే బాగుండుననిపించింది.