ఇసుక మీది పచ్చని పొర

ఇంజనీరుగా ఉద్యోగంలో ఉన్న కాలంలో కొల్లేటి ఒడ్డున ఒక గ్రామానికి మంచినీటి పథకం కట్టించాను. కాలువ నీరు ముందుగా చెరువులో నిలుస్తుంది. మట్టి అడుగుకు దిగాక ఫిల్టరు బెడ్డు మీదికి, అంటే ఇసుక నింపిన పెద్ద తొట్టిలోకి చేరుతుంది. ఇసుక గుండా నెమ్మదిగా దిగిన ఆ నీటికి క్లోరిన్ కలిపి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి కుళాయిలకు వదులుతారు. ఆ ఇసుక లోతు, ఆ గోడ మందం నాకు ఇప్పటికీ జ్ఞాపకమే. చూసేవారి కంటికి అది ఎలా కనిపిస్తుందో మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు.

మొన్న వేసవి సెలవుల తరువాత ఆ ఊరి ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయిని వట్లూరులోని మా ఇంటికి వచ్చారు.

“బళ్లో కుళాయి పెట్టించామండీ. నీళ్లు ధారగా వస్తున్నాయి. ఒక్క పిల్లా తాగట్లేదు,” అన్నారు.

“నీళ్లు పరీక్ష చేయించారా అండీ?”

“చేయించామండీ, బాగున్నాయనే వచ్చింది. తల్లులు వెళ్లి మీ ఫిల్టరు బెడ్డు చూసొచ్చారు. పైనంతా పచ్చగా పాచి. ‘మా గేదె కూడా మూతి పెట్టదు, పిల్లలకెలా పోస్తారు టీచరమ్మగారూ’ అని నన్ను పట్టుకున్నారు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న సీసాలు భోజనాల వేళకే ఖాళీ. ఆ తర్వాత సాయంత్రం దాకా ఎండిన నోళ్లేనండీ.”

ఐదో తరగతి పిల్లల చేత బడి వరండాలో చిన్న ఫిల్టరు కట్టించి, తల్లుల సమావేశం నాడు చూపించాలన్నది ఆమె ఆలోచన. కుళాయి నీళ్లు పిల్లలకు పట్టవచ్చో లేదో ఆ రోజే తేల్చుకుంటామని తల్లులు కూడా ఒప్పుకున్నారట. ప్రతి శనివారం వస్తానని మాట ఇచ్చాను.

మొదటి శనివారం ఇటుకలతో దిమ్మె కట్టాం. తాపీమేస్త్రీలు వాడే పారదర్శకమైన గొట్టంలో నీళ్లు పోసి, మట్టం చూడడం నేర్పాను. గొట్టం ఎలా వంచినా రెండు కొసల్లోనూ నీరు ఒకే ఎత్తున నిలవడం పిల్లలకు గారడీలా తోచింది. బడిలోని బల్లలకూ గుమ్మాలకూ మట్టం చూసి, ప్రధానోపాధ్యాయిని కుర్చీ ఒక పక్కకు ఒరిగిందని తేల్చారు. గులకరాళ్లు తెమ్మంటే ఒకడు సంచినిండా నత్తగుల్లలు తెచ్చాడు.

“రాళ్లు మా ఊళ్లో ఎక్కడుంటాయండీ? ఎంత తవ్వినా నల్లమట్టే,” అన్నాడు.

అది నిజమే. రాళ్లు నేనే ఏలూరు నుంచి తెప్పించాను. కొత్త ఇల్లు కట్టుకుంటున్న ఒకరు ఇసుక ఇచ్చారు. పిల్లలు దానిని తేట నీరు వచ్చేవరకూ కడిగారు. ప్లాస్టిక్ పీపా అడుగున రాళ్లు, వాటిపై అడుగున్నర లోతు ఇసుక పోసి, కింద చిన్న కుళాయి బిగించాం. ఇసుక ఎప్పుడూ నీటిలో మునిగి ఉండేలా కాలువ నీళ్లు పోస్తూ ఉండమని చెప్పాను.

తరువాతి శనివారం కుళాయి తిప్పితే నీరు మసకగానే వచ్చింది. కొత్త ఇసుక కదా, కుదురుకోవాలి అనుకున్నాను. ఆ పై వారం కూడా అంతే. సమావేశం దగ్గర పడుతోంది. ప్రధానోపాధ్యాయిని ముఖంలో కళ తగ్గింది.

ఊహలతో పని లేదని పీపా అంచు నుంచి స్టీలు స్కేలు దింపి ఇసుక మట్టం కొలిచాను. పెట్టిన లోతు కంటే అంగుళం పైగా తక్కువ ఉంది. కుళాయి కింది బకెట్లో చూస్తే ఇసుక రేణువు లేదు. కిందికి పోని ఇసుక పైనుంచే పోయి ఉండాలి.

“ఇసుక ఎవరు తీశారు?” అని అడిగాను. వరండా శుభ్రం చూసుకునే పిల్ల లేచి నిలబడింది. ఆమె తండ్రి చేపల చెరువుల మీద పనిచేస్తాడు.

“నేనేనండీ. రోజూ పొద్దున్నే పైన పచ్చగా పడుతోందండీ. గరిటెతో తీసేసి కడుగుతున్నాను. చెరువులో పాచి కడితే చేపలు తేలిపోతాయంటాడండీ మా నాన్న.”

ఆ ఊళ్లో పుట్టిన పిల్ల మరోలా చేయదు. శ్రద్ధగా, తప్పకుండా చేసింది కూడా. ఆ పొరలోనే కంటికి కనబడని జీవులు పెరిగి, నీటిలోని మలినాన్ని పట్టి తింటాయనీ, నీరు దిగడం బాగా మందగించినప్పుడే దానిని గీకాలనీ ఆమెకు చెప్పవలసినవాణ్ణి నేను. అప్పుడు చెప్పాను. కాలువ నీరు పోస్తూ, పొరను ముట్టకుండా చూసే పని ఆమెకే అప్పగించాను. సమావేశాన్ని ప్రధానోపాధ్యాయిని మూడు వారాలు వాయిదా వేశారు.

సమావేశం నాడు రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టాం. ఒకదానిలో కాలువ నీరు, మరొకదానిలో పీపా కుళాయి నుంచి పట్టిన నీరు. రెండో గ్లాసు వెనక పెట్టిన పుస్తకంలో అక్షరాలు చదవవచ్చు. పైన పీపాలో ఇసుక పచ్చగా ఉంది.

“ఇంట్లో బిందె తోమమంటే పారిపోతుంది. ఇక్కడ పాచికి కాపలా కాస్తోందండీ ఇది!” అంది ఆ పిల్ల తల్లి. అందరూ నవ్వారు.

“చెరువు పాచి వేరమ్మా. ఇందులో పురుగులుంటాయి, అవి చెడ్డ పురుగుల్ని తినేస్తాయి.”

“పురుగుల నీళ్లు తాగమంటావేంటే?”

“అవి పైనే ఉండిపోతాయే అమ్మా! దిగిన నీళ్లలో మళ్లీ మందు కలుపుతారు. అది కలిపాకే తాగాలి. ఈ గ్లాసులోవి కూడా తాగకూడదు.”

నేను బడి కుళాయి నీటిని చిన్న గాజు గొట్టంలో పట్టి పరీక్ష చుక్కలు వేశాను. నీరు లేత పసుపు రంగుకు తిరిగింది. క్లోరిన్ ఉండవలసినంత ఉందని చూపించాను. ఆ తల్లి రంగు వంక చూడలేదు, నా వంక చూసింది.

“మీ ఇంట్లో ఏం నీళ్లు తాగుతారండీ?”

“కుళాయి నీళ్లేనండీ. కాకపోతే మా ఆవిడ కాచి గానీ పోయదు.”

“చూశారా! ఆయనకి కాచి పోస్తారంట!”

నవ్వులు ఆగాక ప్రధానోపాధ్యాయిని, “అయితే మేమూ కాచే ఇస్తాం. వంట పొయ్యి ఉండనే ఉంది,” అన్నారు. తల్లులు ఒకరినొకరు చూసుకున్నారు. కాస్తే సరేనన్నారు. పరీక్ష ప్రకారం కాచే అవసరం లేదు. ఆ మాట నేను అనలేదు.

నెల గడిచాక వెళ్లాను. మూతపెట్టిన స్టీలు డేగిశాలో కాచిన నీళ్లు నిండుగా ఉన్నాయి. అవి చల్లారేదాకా ఆగలేని పిల్లలు కుళాయి దగ్గర వరస కట్టి తాగుతున్నారు. భోజనం వడ్డించడానికి వచ్చిన ఆ తల్లే, “తోసుకోకండ్రా, అందరికీ వస్తాయి,” అని అదిలిస్తోంది.

ఆమె కూతురు నా స్కేలు అడిగి తీసుకుని పీపాలోకి దింపింది. పీపా అంచుకు ఆనిన గీత చూసి, అక్కడ వేలితో పట్టి నాకు చూపించింది.

“ఇసుక ఏమీ తగ్గలేదండీ, తాతగారూ.”