లాలాగూడలో ఫోను హార్మోనియం: ఒక అనుమానపు ప్రయాణం

ఇది రాయకుండా వదిలేద్దామనే అనుకున్నాను. నేరేడ్‌మెట్ నుంచి లాలాగూడ పోవడం కూడా ఒక ప్రయాణమేనా అంటారు మీరు. అయితే చూపులేని వాళ్ల కోసం ఫోనులో వాయిద్యాలు తయారుచేసే చోటికి మీవాళ్లనెవరినైనా తీసుకుపోవాలనుకుంటే పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

నా స్నేహితుడు యాదగిరికి పుట్టుక నుంచీ చూపు లేదు. మా గురువారం భజనలో హార్మోనియం అతనిదే. ఈ మధ్య నడుము పట్టేసి పెట్టె మోయలేకపోతున్నాడు. ఇంకొకరు మోస్తామంటే ఒప్పుకోడు. "నా పెట్టె నేను మోయకపోతే దాని ముందట కూసునుడెందుకురా? ఇగ తాళాలు కొట్టుకుంట ఎన్కకు కూసుంట" అన్నాడు. అందుకని ఫోను మీదే హార్మోనియం వాయించే వీలు చేసి ఉచితంగా ఇస్తున్నారని వినగానే అతన్ని బయలుదేరదీశాను.

పొద్దున పదింటికి ఆటో ఎక్కాం. మల్కాజిగిరి, మెట్టుగూడ మీదుగా అరగంట పైనే పట్టింది, రెండు వందలు. ఎందుకు పోతున్నామో విని డ్రైవరు, "ఉత్తగనే ఇస్తరా? జెర చూస్కోండి సార్. ఉత్తగ ఇచ్చేటోళ్లతోనే పరేషాన్" అన్నాడు. నా మనసులో ఉన్నదీ అదే. వెనకటికి మోండా మార్కెట్లో ఒకతను పిల్లనగ్రోవులు అమ్మేవాడు. అతను ఊదితే పాట, ఇంటికి తెచ్చి మనం ఊదితే గాలి. మూడు కొన్నాను నేను.

లాలాగూడలో ఒక మేడమీది గదిలో, ఆ వాయిద్యం తయారుచేసేవాళ్లలో ఒకరైన అనూష అనే అమ్మాయి టీ ఇచ్చి, ఫోను యాదగిరి చేతిలో పెట్టింది. వేలు తగలగానే ఫోనులోంచి ఒక ఆడగొంతు "స" అని మీట పేరు చెప్పింది. మళ్లీ రెండుసార్లు తడితే గానీ స్వరం రాలేదు.

"అమ్మా, ఈమె పేరు చెప్పి, నేను తట్టేసరికి పాట పక్కింటికి పోతది" అన్నాడు యాదగిరి.

"మొదట అందరూ అదే అన్నారండి బాబాయ్‌గారూ. మీట వెతుక్కోవడంలోనే పాట పోతోందని. ఇప్పుడు ఆ గొంతు ఆపేస్తానండి. మీరు వేలు ఎక్కడ ఆనిస్తే అదే స. మిగతావి దాని చుట్టూ వచ్చేస్తాయి. స దగ్గరికి తిరిగొస్తే ఫోను సన్నగా వణుకుతుంది."

యాదగిరి వాయించాడు. కుడిచేయి అద్దం మీద, ఎడమచేయి మాత్రం బల్ల అంచుని తిత్తిలా ఊపుతూనే ఉంది. చక్కగా వచ్చింది. మరీ చక్కగా వచ్చింది. లోపల రికార్డు పెట్టి మోగిస్తున్నారేమోనని ఫోను లాక్కుని నేనూ నాలుగుచోట్ల నొక్కాను. వీధిలో కుక్క మొరిగింది.

"నువ్వే వాయిస్తున్నవని తెలిసింది. ఇగ పెట్టురా" అన్నాడు యాదగిరి.

ఆ అమ్మాయికి లాభమేమిటో నాకింకా అర్థం కాలేదు. వచ్చినవాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ మార్చుకుంటామంది, యాదగిరి ఫోనులోనూ ఆ వాయిద్యం ఎక్కించి ఇచ్చింది. నమ్మాననను. కానీ తిరుగు ఆటోలో యాదగిరి తాళాల ఊసెత్తలేదు. దారి పొడుగునా ఎడమచేయి ఊపుతూనే ఉన్నాడు. మీరు వెళ్తే తీగ ఉన్న ఇయర్‌ఫోన్లే తీసుకెళ్లండి. తీగ లేనివాటిలో స్వరం వేలి కంటే ఆలస్యంగా వస్తుంది.

గురువారం భజన మూడో అంతస్తులో. యాదగిరి జేబులో ఫోను పెట్టుకొచ్చాడు. ఫోను మొరాయిస్తే ఉంటుందని, నేను అతనికి చెప్పకుండా హార్మోనియం మోసుకుంటూ వెనకాల ఎక్కాను.

"గంత ఆయాసమేందిరా?" అన్నాడు.

"మెట్లు" అన్నాను.

పెట్టె గుమ్మం పక్కన పెట్టాను. భజన అయ్యేదాకా దాని మూత తీయాల్సిన పని పడలేదు.