గుడ్డు పడుతుందా?

డెబ్బైల నాటి సంగతి. న్యుమోనియా వచ్చి మా నాన్నగారు బెజవాడలో ఒక మిషను ఆసుపత్రిలో పదకొండు రోజులున్నారు. ఐదో రోజున డాక్టరమ్మ అమ్మని వరండాలోకి పిలిచి ఏదో చెబితే, నేను మంచం కోడు పట్టుకుని ఏడ్చాను. తర్వాత ఆయన కోలుకుని, ఇడ్లీ గట్టిగా ఉందని అమ్మని సాధించడం మొదలుపెట్టాకే మా ప్రాణాలు కుదుటపడ్డాయి.

ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ వచ్చింది.

"ఫ్లూ జ్వరానికి టీకా వచ్చిందండీ, విదేశాల నుంచి. కాసిని సీసాలే. మీకు మళ్ళీ ఫ్లూ తగిలి ఊపిరితిత్తుల్లోకి దిగితే ఈసారి నా చేతుల్లో ఉండదు. వేసి పంపిస్తాను. కాకపోతే దీన్ని కోడిగుడ్లలో తయారుచేస్తారు. పడనివాళ్ళకి ప్రమాదం. మీకు గుడ్డు పడుతుందా?"

మాది ఉల్లిపాయ కూడా గడప దాటి లోపలికి రాని ఇల్లు. నాన్నగారు జంధ్యం సవరించుకుని, "గుడ్డా? శివశివా. మా వంశంలోనే ముట్టలేదండీ" అన్నారు.

పచ్చి అబద్ధం. శనివారం ఆఫీసు నుంచి వస్తూ ఏలూరు కాలవ గట్టు మీద బండి దగ్గర నిలబడి ఆయన డబుల్ ఆమ్లెట్ లాగించడం, కాలేజీ నుంచి వస్తూ నేను రెండుసార్లు కళ్ళారా చూశాను.

"అయితే వద్దులెండి. ఎప్పుడూ తిననివారికి పడుతుందో లేదో ఎలా తెలుస్తుంది?" అంటూ డాక్టరమ్మ పక్క మంచం వైపు కదిలింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పరువు కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా ఈ మనిషి? దుప్పటి కింద నుంచి ఆయన కాలు గిల్లాను. ఆయన కిటికీలోంచి కొబ్బరిచెట్టుని చూస్తున్నారు. చెబితే అమ్మ ఏమైపోతుందోనని భయం, చెప్పకపోతే ఈయన ఏమైపోతారోనని భయం. చివరికి తెగించి నోరు తెరిచాను.

"పడుతుందండీ" అంది అమ్మ, నాకంటే ముందే, ఫ్లాస్కు మూత బిగిస్తూ. "ప్రతి శనివారం తింటారు. ఎనిమిదేళ్ళయింది. ఒక్క దద్దురు కూడా లేవలేదు."

నాన్నగారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. డాక్టరమ్మ నవ్వు బిగబట్టి సూది వేసింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, "దగ్గరుండి చూసుకునేవారు, మీరూ వేయించుకుంటే మంచిది. కానీ మీకు..." అని ఆగిపోయింది.

అమ్మ జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంది. "వెయ్యండి. నాకూ పడుతుంది."

నాన్నగారు మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నారు. "నీకెలా తెలుసే?"

"మీ శనివారం చొక్కాలు ఉతికేది నేనే కదండీ" అంది అమ్మ. "ఆ వాసనకి ఎన్నాళ్ళని నోరు కట్టుకోమంటారు?"