జపాన్ క్యాసెట్‌కు హోసూరు బొట్టు

జపాన్ నుంచి తెప్పించుకున్న పాత వీడియోగేమ్ క్యాసెట్ నా పాత గేమ్ పెట్టెలో ఎంతకీ ఆడలేదు. రెంటికీ జాతకాలు కుదరలేదనుకుని, వాటిని కలిపే అడాప్టర్ కూడా కొన్నాను. అప్పుడూ నల్ల తెరే. విసుగొచ్చి ఈ రోజు రెంటినీ మా హోసూరు టీవీ మెకానిక్ మునెప్పకు చూపించాను. ఆయన క్యాసెట్ అంచును వెలుతురులో పెట్టి చూసి పకపకా నవ్వాడు.

"జపానోళ్ల తప్పేమీ లేదప్పా. ఈడ చూడు, పిన్నుల మీదంతా గంధం, కుంకుమ!"

ఆయుధపూజ నాడు మా అమ్మ మిక్సీకి, స్కూటర్‌కు పెట్టినట్టే దీనికీ బొట్టు పెట్టేసిందన్నమాట. మునెప్ప స్పిరిట్‌తో తుడవగానే బొమ్మ వచ్చింది. ఇంటికొచ్చి అమ్మను నిలదీశాను.

"బొట్టు పెట్టినందుకే కదప్పా, ఇప్పుడన్నా ఆడింది!"

అంటూనే మళ్లీ కుంకుమ భరిణె తెరిచింది. మీ ఇళ్లలో క్యాసెట్లు ఎక్కడ దాస్తారో కాస్త చెప్పండి.