చెల్లిని నేనడిగిన మాట

మొన్న బాపట్లలో మా తమ్ముడింటికి వెళ్లినప్పుడు, డాక్టరు చదువుతున్న వాళ్లమ్మాయి పరీక్షలకని పాఠం పైకి చదువుకుంటోంది. హెచ్ఐవీ అందరిలో ఒకే వేగంతో ముదరదట. కొందరికి తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువులే వైరస్‌ను ఏళ్ల తరబడి అణచి ఉంచుతాయట, ఒక్కోసారి వైరస్సే నెమ్మదిగా పెరిగే రకమట. ఉండబట్టలేక, అయితే ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ వేగాన్ని బట్టి చెప్పొచ్చా అని అడిగాను. "అలా చెప్పలేమత్తా" అంది. నాకు పోయిన మా చెల్లి గుర్తొచ్చింది.

ఆ జబ్బు పేరెత్తడానికే జనం భయపడిన రోజులు మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో నేను తెనాలిలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేసేదాన్ని. భట్టిప్రోలు ఇచ్చిన మా చెల్లి భర్త, ధాన్యం వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మనిషి, జబ్బు బయటపడిన రెండేళ్లకే చిక్కి శల్యమై చనిపోయాడు. చెల్లికీ అది ఉందని ముందుగా తెలిసింది ఆ పరీక్ష చేసిన నాకే. అయినా ఆమె జలుబైనా లేకుండా, మినపచేను పనులు చూసుకుంటూ, ఆరు నెలలకోసారి రేపల్లె రైల్లో వచ్చి రక్తం ఇచ్చి వెళ్లేది. ఏళ్లు గడిచినా జబ్బును ఎదుర్కొనే రక్తకణాల సంఖ్య తగ్గేది కాదు.

ఆ ఆరోగ్యమే ఆమె కొంప ముంచింది. "నా కొడుకు రెండేళ్లకే పోతే ఇది నిక్షేపంలా ఉందేంటి? దాని విషం దానికెక్కదుగా!" అని వాళ్లత్తగారు వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పింది. వినగా వినగా, నాలుగక్షరాలు నేర్చిన నాకూ అనుమానం పుట్టింది. ఒక మధ్యాహ్నం ల్యాబులో చెల్లి చేతి నుంచి సూది తీస్తూ, "నిజం చెప్పవే, పెళ్లికి ముందేమైనా..." అన్నాను.

చెల్లి ఏడవలేదు. "నువ్వు కూడానా అక్కా?" అని, దూది తనే అదుముకుని లేచి వెళ్లిపోయింది.

మళ్లీ పరీక్షకు రాలేదు. నేను వెళితే మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, పొడిపొడిగా మాట్లాడేది. సర్కారు మందులు ఉచితంగా ఇస్తున్నారని చెప్పినా ఆసుపత్రి గడప తొక్కలేదు. చివరికి దగ్గుతో తెనాలి తీసుకొచ్చేసరికి క్షయ ఊపిరితిత్తుల నిండా పాకిపోయింది. ఆ తర్వాత మూడు రోజులే బతికింది, ఆ మూడు రోజులూ నా చేతి నీళ్లే తాగింది. క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు.

మా అమ్మానాన్నల నుంచి వచ్చిన బలమేదో ఆమెను అన్నేళ్లు నిలబెట్టి ఉంటుంది. మేమంతా దాన్నే ఆమె తప్పుకు సాక్ష్యం చేశాం. ఇప్పుడు జబ్బు బయటపడగానే మాత్రలు మొదలుపెడుతున్నారు, అవి వేసుకుంటూ మనవరాళ్ల పెళ్లిళ్లు చేసినవాళ్లూ ఉన్నారు. మన కాలానికి ఇంత శాస్త్రం తెలియదని సర్దిచెప్పుకోవచ్చు గానీ, సొంత చెల్లిని నమ్మడానికి నాకు ఏ శాస్త్రం కావలసి వచ్చింది?