ముగ్గుపిండి విత్తిన రోజు

నేను చేసే పనేమిటో మా వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం నాకు ఇంతవరకూ చేతకాలేదు. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర చాయ్ తాగుతుంటే, సీరియళ్లలోనా సినిమాల్లోనా అని అడుగుతారు. రెండూ కాదు, ప్రయోగాత్మక నాటకాలు, వీడియో కళ అంటాను. ప్రయోగం ఎవరి మీదన్నది ప్రేక్షకులకే తెలుసు. ఒక నాటకంలో మూడు గంటలు తలుపు పాత్ర వేశాను, అదీ సగం తెరిచిన తలుపు. నా గురించి ఎవరడిగినా మా బాపు చెప్పేది ఒక్కటే మాట: "ఖాళీగున్నడు."

ఆ మాట ఒక్కసారైనా మార్పించాలని నా ఆశ. అందుకే కొంగరకలాన్ దగ్గర వీడియో తీస్తామనగానే బాపును రమ్మన్నాను. ఒకప్పుడు మేము ఉలవలు చల్లిన చెలక అది. అమ్మేశాక ప్లాట్లయింది. నా పని చూడ్డానికి ఎన్నడూ రాని మనిషి, పాత చెలకను చూడ్డానికి ఒప్పుకున్నాడు.

వీడియో తీసే పెద్దమనిషి నగరం నుంచి దిగాడు. ఆయన్ని దర్శకుడు అనకూడదు, ఆ మాటలో పెత్తనం ఉందట. పెత్తనానికి మాత్రం ఏ లోటూ రానివ్వలేదు. ఆ ఎండలో మాకు మంచినీళ్లు లేవు గాని ఆయన కెమెరాకు గొడుగుంది. నేలకు జ్ఞాపకాలుంటాయని, వాటిని నా శరీరం గుండా బయటికి తేవాలని చెప్పాడు. ఏ పంట జ్ఞాపకాలని అడిగాను. పంట ముఖ్యం కాదన్నాడు. ప్లాటు యజమానిని అడిగారా అన్నాను. నేల ఎవరి సొత్తూ కాదన్నాడు. అమ్ముకున్నవాళ్లకు ఆ సంగతి ముందే చెప్పాల్సింది.

నేను చేయవలసిందల్లా గోనెసంచి చుట్టుకొని, ఒడిలో ముగ్గుపిండి పోసుకొని, అడుగుకో నిమిషం చొప్పున నడుస్తూ దాన్ని విత్తనంలా చల్లడం. ఉలవలే చల్లుతానన్నాను. కెమెరాకు కనబడవట. కనబడకుండా పోతేనే అది విత్తనమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తలుపుకు నోరెక్కడిది? ఆయన నన్ను ముగ్గులోకి దించాడని అనలేను, నేనే దిగాను.

మా దిక్కు ఖాళీ జాగాలో ఎవరైనా ముగ్గు పోస్తున్నారంటే హద్దు గీస్తున్నారనే లెక్క. ఇక్కడే పుట్టి పెరిగిన నాకు అది తట్టనే లేదు. కళ తలకెక్కితే ఇట్లాగే ఉంటుంది. పక్కన గోడ కడుతున్న మేస్త్రీ ఫోన్ చేసినట్టున్నాడు, నేను ఇరవై అడుగులు వేశానో లేదో, మన్నెగూడ నుంచి ప్లాటు యజమాని మోటార్‌సైకిల్ మీద ఊడిపడ్డాడు.

"ఎవని జాగల ముగ్గు పోస్తున్నవ్‌రా? ఎవడు పంపిండు నిన్ను?" అంటూ కాలరు కోసం వెతికి, అది లేక గోనెసంచే పట్టుకున్నాడు. పెద్దమనిషి ఆపలేదు సరికదా, కదలొద్దు, చాలా బాగుందంటూ కెమెరాను దగ్గరికి జరిపాడు.

హద్దురాయి మీద కూర్చున్న బాపు లేచి వచ్చి యజమాని చెయ్యి పట్టుకున్నాడు.

"ఇడువు తమ్మీ. హద్దు కాదు గది. మా పోరడు. పని చేస్తుండు."

నేను ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట. యజమాని నా వేషాన్ని, బాపు ముఖాన్ని మార్చిమార్చి చూసి, ఆ ముఖం కోసమే నన్ను వదిలాడు.

ఆ మాట మైకుకు అందలేదట. మీ నాన్నగారితో ఇంకోసారి అనిపించండి, వీడియోకు ప్రాణం అదే అని పెద్దమనిషి నా చెవిలో చెప్పాడు. కాదనవలసింది. నేను పోయి బాపును అడిగాను. ఎక్కడ నిలబడాలో, ఎటు తిరగాలో కూడా చూపించాను. ఇంతసేపూ ఆ పెద్దమనిషిని వెక్కిరించాను గాని, అలా చూపించిన చెయ్యి నాదే.

బాపు నా చేతికంటిన పిండిని చూశాడు.

"కొడ్తడని అన్న బిడ్డా. మల్ల అంటే అబద్ధమైతది."

తర్వాత ఆయన యజమానితో కలిసి నేల మీది ముగ్గును కాలితో చెరపడం మొదలుపెట్టాడు. నేనూ కలిశాను. ఈసారి అడుగుకు నిమిషం పట్టలేదు.

నగరంలో ప్రదర్శించిన వీడియోలో మిగిలింది అదొక్కటే: ముగ్గురం నేలను కాళ్లతో రుద్దడం. జనం నిశ్శబ్దంగా తలలూపారు. బాపు చూడలేదు. ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఖాళీగున్నడనే చెప్తాడు. పక్కనుంటే నేనూ అవునంటాను.